అరికాళ్ళు

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
భీమిలి రోడ్డులో, మంగమారిపేట దాటాక,
సరుగుడు తోపు పక్కన ఇసకలో
మా అపార్ట్‌మెంటు వాళ్ళం ఇరవై ముగ్గురం
చెప్పులు విడిచి నిలబడ్డాం.

బెంగుళూరు నుంచి వచ్చిన శిక్షకుడు మైకులో
భయం ఒక ఆలోచన మాత్రమే అంటున్నాడు.
మూడో అంతస్తు భానోజీరావు గారు తలాడిస్తున్నారు,
లిఫ్టు ఆగిపోతే దేవుళ్ళందర్నీ పిలిచే మనిషి.
నేను చీకట్లో నవ్వుకున్నాను.
పంతొమ్మిదేళ్ళుగా కేజీహెచ్ కాలిన గాయాల వార్డులో
కట్లు విప్పి కట్లు కట్టే చేతులు నావి.
వీపుకి పద్దెనిమిది, కాలికి పద్దెనిమిది,
చేతికి తొమ్మిది, తలకి తొమ్మిది అని
మనిషిని చూడగానే శాతాల్లో లెక్కకట్టే పాడు అలవాటు.
వరసలో నిలబడ్డ మావాళ్ళనీ అలాగే చూశాను,
దేవుడు క్షమించాలి.

గుండం పేర్చిన అసిరయ్య మాత్రం ఏమీ మాట్లాడలేదు.
ఎప్పటి తుపానుకో పడ్డ సరుగుడు మొద్దులు
సాయంత్రం నుంచి కాల్చి, బొగ్గు చేసి,
పొడుగాటి దంతెతో పరిచాడు,
నెత్తళ్ళు ఆరబోసే చోటంత సమంగా.
పైన అరచెయ్యి ఆడించి చూసుకుని
ఓ కణికతో బీడీ ముట్టించుకున్నాడు.
"పరిగెట్టకండి. నిలబడిపోకండి.
ఏటకెళ్ళినట్టు ఎల్లండి," అంతే.
అమ్మోరి పండక్కి పద్నాలుగో ఏటినుంచీ తొక్కుతున్నాడట.
మైకు గట్టిగా అరిచినప్పుడల్లా మొహం చిట్లించేవాడు,
చెవిలో నీళ్ళు పోయినట్టు.

నా వంతు దగ్గర పడుతుంటే
గుర్తొచ్చాడు పైడిరాజు.
ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కుర్రాడు, ఇరవై రెండేళ్ళు.
కరిగిన లోహం చిందినప్పుడు
బూట్లు కాపాడినవి అరికాళ్ళు రెండే.
ఒళ్ళంతా గుడ్డల్లో ఉండి
"సిస్టరమ్మా, కాలు దురదెడతంది" అనేవాడు.
రోజూ డ్రెస్సింగ్ అయ్యాక
ఆ అరికాళ్ళని వేలితో గీరేదాన్ని.
నవ్వేవాడు. పెదాలు పగిలేవి. మళ్ళీ గీరమనేవాడు.
తొమ్మిదో రోజో పదో రోజో
నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం మీద
కొండమ్మ ఉతికిన దుప్పటి పరుస్తోంది.

"ఎల్లమ్మా" అన్నాడు అసిరయ్య.

వెళ్ళాను.
మొదటి అడుగుకి వేడి తెలియలేదు, గరుకు తెలిసింది.
మరమరాలు తొక్కినట్టు చప్పుడు.
మూడు, నాలుగు... ఆ తరవాత
లెక్క తప్పాను. నేను!
ఒక్కచోట మాత్రం, ఎడమకాలి చిటికెనవేలి కింద
ఎవరో గోటితో గీరినట్టయింది.
నవ్వొచ్చింది.
అప్పటికే తడి ఇసక.

ఆ నిమిషానికే పన్నెండయింది కాబోలు,
హార్బరులోనూ, బయట లంగరేసిన ఓడల్లోనూ
హారన్లన్నీ మొదలయ్యాయి,
ఇంత దూరానికి సన్నగా,
దూడలు తప్పిపోయిన మంద అరుపులా.
భానోజీరావు గారు ఏడుస్తూ
కనపడ్డవాళ్ళనల్లా కావలించుకుంటున్నారు,
శిక్షకుణ్ణి రెండుసార్లు.
ప్లాస్టిక్ బకెట్లో కాళ్ళు ముంచుతుంటే
అసిరయ్య వంగి చూశాడు. "కాలిందేటి?"
"కొంచెం."
"అయితే అమ్మోరు పలకరించినట్టే" అని
తన వంతు కేకుముక్క కాగితంలో చుట్టి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మనవరాలికట.

పొద్దున్న ఎనిమిదికి డ్యూటీ.
నూనె మూకుడు ఒలికిన వంటవాడొకడు,
తారాజువ్వ చేతిలో పేలిన పిల్లాడు,
వాడి పక్కన నోట్లో కొంగు కుక్కుకున్న అమ్మమ్మ.
గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచాను.
వెనకనుంచి కొండమ్మ కేక:
"ఏటి సిస్టరూ, ఇప్పుడే కదేటి తుడిసినాను!"
తిరిగి చూస్తే
తెల్లటి పలకల మీద, కిటికీ పక్క మంచం దాకా,
చిటికెనవేలి మసి గుర్తులు,
ఒక్క ఎడమకాలివే.